కండిషన్ సూపర్

ఆ మంగళవారం పొద్దున్న సునీల్ ఉప్మా రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి వాళ్ళ అక్క వాణి వీధి గుమ్మంలో ప్రత్యక్షమైంది. టెక్కలిలో మొదటి బస్సు పట్టుకుని పలాసని ఆనుకున్న కాశీబుగ్గ వచ్చినట్టుంది, జడ కూడా సరిగా వేసుకోలేదు. చెప్పులు విప్పుతూనే అందుకుంది.

"ఎవడో గాని అమ్మా, ఆడి సేతులు పడిపోను! ఆడికి పుట్టగతులుండవు!"

"ఓలమ్మో, ఏటయిందే? ముందు కూకో. నీళ్ళు తాగు," అంటూ సరోజిని వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"నీళ్ళెందుకే, నా కడుపు మండిపోతంది. మీ అల్లుడు రెండు నెల్ల కితం ఫోన్లో యాప్ సూసి పాత హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాడు. సెంటర్లో ఫైళ్ళన్నీ దాన్లోకి మార్చేడు. మొన్న శుక్రవారం అది టకటకా కొట్టుకుని ఆగిపోనాది. అన్నీ పోనాయి! దేముడమ్మ కాయితాలూ పోనాయి!"

వాణి భర్త ఈశ్వర్‌కి టెక్కలిలో చిన్న జెరాక్స్, నెట్ సెంటర్ ఉంది. నౌపడ అవతల సముద్రపు ఒడ్డున ఉండే దేముడమ్మ మొగుడు అప్పలస్వామికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటాడు. చేపల వేటకి వెళ్ళే ఓపిక ఎప్పుడో పోయింది కాబట్టి ఆ ఇంటికి పింఛనే ఆధారం. ఆ పింఛను కొనసాగాలంటే మొదటినుంచీ చేసిన పరీక్షల రిపోర్టులన్నీ ఈ నెలాఖరులోగా మళ్ళీ చూపించాలట. అసలు కాగితాలు మొన్నటి గాలివానకి ఇంటి రేకు లేచిపోయి తడిసి ముద్దయ్యాయి. అదృష్టం, ఈశ్వర్ అంతకుముందే వాటిని స్కాన్ చేసి ఉంచాడనుకున్నారు. ఇప్పుడు ఆ అదృష్టం కూడా డిస్కుతో పాటే పోయింది.

"ఆ ముసల్ది నిన్న మా అరుగు మీద కూకుని ఏడిసింది అమ్మా," అంది వాణి. "ఈయన మూడ్రోజుల్నించి అన్నం సరిగ్గా తినడం లేదు."

"పాడైపోయిన సరుకు అంటగట్టినోడు ఎవడే? ఆడ్ని కన్న తల్లికి బుద్ధి సెప్పడం రాదేటి?" అని సరోజిని గరిటె ఊపింది. "ఇంట్లో కంప్యూటర్లోడు ఉండగా అల్లుడు బయటోడి దగ్గర కొనడమేటి, ఇడ్డూరం కాకపోతే!"

"ఆయన సంగతి తెలీదేటి నీకు? అత్తోరింటి గుండుసూదైనా ముట్టుకోడు. సునీల్ని అడిగితే ఊరికే ఇచ్చేత్తాడు, నాకొద్దు అన్నాడు. ఆయన స్నేహితుడు శ్రీను గారు పలాస స్టేషన్లో తీసుకుని తెచ్చేరు. ఎవడో టోపీ పెట్టుకున్న కుర్రోడంట. అమ్మిన మర్నాడే ఆ ప్రకటన కూడా తీసేసేడంట, దొంగసచ్చినోడు."

సునీల్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. టోపీ అప్పుడే కనబడకుండా తీసేయాలనిపించింది. అది అతని వెనక మేకుకే వేలాడుతోంది.

అతను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. రెండు నెలల క్రితం ముహూర్తాల సీజను ముందు సిస్టమ్ మొత్తం మార్చాడు. మిగిలిన పాత సామాన్లు ఒక్కొక్కటీ యాప్‌లో పెడితే ఎంత సుళువుగా పోయాయో! ర్యామ్ మంచిదే, మానిటర్ మంచిదే. హార్డ్ డిస్క్ మాత్రం చావుకి సిద్ధంగా ఉంది. చెక్ చేసే సాఫ్ట్‌వేర్ పసుపు రంగు గుర్తు చూపించి మరీ హెచ్చరించింది. ఎలాగూ పారేయాల్సిందే కదా అనుకుంటూ పైపైన తుడిచి, ఫొటో తీసి, కింద ‘కండిషన్ సూపర్, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు’ అని రాశాడు. టీ తాగడం పూర్తికాకుండానే బేరం వచ్చింది. కొనేవాడు ఎవడో, మళ్ళీ ఎప్పుడైనా కనబడతాడా ఏమిటి, అనుకున్నాడు. అదీ అతను చేసిన ఆలోచన, అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు మహానుభావుడు.

"నువ్వు బయల్దేరరా," అంది వాణి. "పోయిన ఫైళ్ళు తీసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయంట కదా. నువ్వొచ్చి సూడు."

"ఇవాళ పనుందక్కా, నందిగాంలో..."

"ఏట్రా పని? అక్క ఇలా ఏడుత్తంటే పనేట్రా?" అని సరోజిని కసిరింది. "లే. బండి తియ్యి."

టెక్కలి దాకా బండి మీద వెనక కూర్చుని వాణి ఆ తెలియని వాణ్ణి తిడుతూనే ఉంది. సునీల్ అన్నింటికీ ఊఁ కొట్టాడు. నందిగాం దాటాక నిజం చెప్పేద్దామని బండి నెమ్మది చేశాడు. "ఏట్రా, పెట్రోలు అయిపోనాదేటి?" అని అడిగింది. "లేదక్కా," అని మళ్ళీ వేగం పెంచాడు.

ఈశ్వర్ బావమరిదిని చూసి కుర్చీలోంచి లేచాడు. మామూలుగా అయితే "రావయ్యా వీడియో బాబూ" అని భుజం మీద చరిచేవాడు. ఇవాళ ముఖంలోకి కూడా చూడలేదు. డిస్కు మాత్రం బల్లమీద పెట్టాడు. అంచున సునీల్ ఎప్పుడో మార్కర్‌తో వేసుకున్న నంబరు, చెరిపినా చెరగని నీలం మరక, అలాగే ఉంది.

"నేను నాలుగైదుసార్లు ప్రయత్నించేను," అన్నాడు ఈశ్వర్. "ఇక్కడ అవ్వదు సునీల్. దీన్ని పట్టుకుని కాశీబుగ్గ ఎల్లిపో. నీ దగ్గరే నిదానంగా సూడు."

"ఎక్కడికీ పట్టుకెళ్ళక్కర్లేదు," అంది వాణి. "నా ఎదురుగానే సూడమనండి. నేను కూకుంటాను."

"నువ్వు ఇంటికెళ్ళి వంట సూసుకో వాణీ."

"నేనెల్లను."

సునీల్ డిస్కు తగిలించాడు. అది రెండుసార్లు టకటకమని, పోనీలే పాపం అన్నట్టు ఒకసారి తిరగడం మొదలుపెట్టింది. తెరమీద పేర్లు ఒక్కొక్కటే కనబడసాగాయి. ఈశ్వర్ పెట్టిన స్కాన్లు ఏవో సగం సగం, తెరిస్తే బూడిద రంగు. వాటి కింద, అంతకుముందు తుడిచేసిన పాత ఫైళ్ళు పైకి తేలుతున్నాయి. సునీల్ వాటిని తెరమీంచి గబగబా కిందికి జరిపేయబోయాడు.

"అదేటి, వీడియోలా ఉంది? తెరువు," అంది వాణి.

"అది కాదులే అక్కా, పాడైపోయుంటాది."

"తెరవరా!"

తెరిచాడు. ఏడు సెకన్ల వీడియో. అద్దం ముందు పెళ్ళికూతురు ముస్తాబులో వాణి, కళ్ళు తుడుచుకుంటోంది. కెమెరా వెనక నుంచి ఒక కుర్ర గొంతు, "అక్కా, ఏడవకే, కాటుక కారిపోతాది. మళ్ళీ తీత్తాను, నవ్వు" అంటోంది. అంతటితో బొమ్మ ఆగిపోయింది.

బయట ఎవరో జెరాక్స్ కోసం పిలిచి, పిలిచి, వెళ్ళిపోయారు.

"అది మన పెళ్ళి వీడియోనే," అన్నాడు ఈశ్వర్ తొందరగా. "నేనే దీన్లో కాపీ పెట్టేను."

"మన వీడియోలో ఈ ముక్క లేదు," అంది వాణి. ఆమె భర్త వైపు చూడటం లేదు. "ఇది వీడు కోసేసిన ముక్క. నేనేడిసింది ఎవరికీ సూపించొద్దన్నాను. ఇది వీడి దగ్గర తప్ప ఎక్కడా లేదు. సునీలూ, ఈ డిస్కు నీదేట్రా?"

సునీల్ మౌస్ వదిలేసి డిస్కు వైరు పీకబోయాడు.

"నీదేట్రా?"

"నాదే అక్కా."

"పాడైందని తెలిసే అమ్మేవా?"

"తెలీదు," అన్నాడు సునీల్. మాట నోరు జారిపోయింది. ఈశ్వర్ అప్పుడు మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. బావ చూపులో జాలి ఉంది. దాన్ని తట్టుకోలేక సునీల్ తల దించేసుకున్నాడు. "తెలుసక్కా. తెలిసే అమ్మేను. బావ అని తెలీదు, అంతే."

వాణి లాగి ఒక్కటి కొట్టింది. కొట్టిన చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత భర్త మీద పడింది. "మీకు తెలుసు కదా? ఆదివారం తలుపేసుకుని దీన్ని కెలికేరు, అప్పుడే సూసేరు కదా ఈ వీడియో? నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు పుట్టింటి గడప తొక్కవు. నీకున్నది ఒక్క తమ్ముడు," అన్నాడు ఈశ్వర్ మెల్లగా. "పోనాయి ఎలాగూ పోనాయి కదా అనుకున్నాను."

ఆ మాట సునీల్‌కి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. "బావా, నా కొత్త డిస్కు తెచ్చిచ్చేత్తాను. సిస్టమ్ మొత్తం ఇచ్చేత్తాను. తీసుకో బావా," అని చేతులు పట్టుకున్నాడు.

"నాకేమీ ఒద్దు," అన్నాడు ఈశ్వర్ చేతులు విడిపించుకుని. "నాకు నువ్విచ్చేదేమీ లేదు. దేముడమ్మకి ఏటిత్తావు?"

సాయంత్రం సునీల్ ఇంటికి వచ్చేసరికి సరోజినికి సంగతి తెలిసిపోయింది. వాణి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ పీట మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు గ్రేడింగు పని చేసి ఇద్దరు పిల్లల్నీ పెంచిన మనిషి. వీడియో కెమెరా కావాలంటే ఎక్కువ షిఫ్టులు చేసి కొనిపెట్టింది. కొడుకు వచ్చి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తిట్టమ్మా. పొద్దున్న తిట్టేవు కదా, అవన్నీ నాకే తిట్టు."

"పొద్దున్న నిన్నేటి, నన్ను నేనే తిట్టుకున్నాను," అంది. "నేను గుండ్లు ఒక పక్క, బద్దలు ఒక పక్క ఏరీదాన్ని కదరా. ఆ డబ్బాలు ఎక్కడికెల్తాయో నాకు తెలుసేటి? తినీవోడు ఎవడో, ఏ దేశపోడో. ఒక్క పుచ్చు పప్పు లోపలికి పోనిచ్చేనా? అడిగీవోడు ఉన్నాడేటి నన్ను? ఎవడో తెలీనోడైతే ఏటయిందిరా, ఆడికి మాత్రం కడుపు లేదా?"

సునీల్ తల తల్లి మోకాళ్ళ మీద పెట్టి ఏడ్చాడు. ఆవిడ చెయ్యి ఎత్తింది గాని తల మీద పెట్టలేదు.

"నా దగ్గర ఏడిసి లాభం లేదు. రేపు ఆవిడ దగ్గరికెల్లు. నోటితో సెప్పు," అంది.

మర్నాడు ఉప్పు మళ్ళు దాటి, ఇసక దారిలో బండి తోసుకుంటూ వెళ్ళాడు. దేముడమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. అప్పలస్వామి నవారు మంచం మీద వాచిన కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. సునీల్ నిలబడే చెప్పాడు. డిస్కు అంటే ఏమిటో ఆవిడకి చెప్పడానికే చాలాసేపు పట్టింది. కాగితాలు దాచిన పెట్టె లాంటిది, దానికి చెదలు పట్టిందని నాకు తెలుసు, అయినా మంచిదని చెప్పి అమ్మేశాను, అన్నాడు.

"తెలిసే అమ్మేవా నాయినా?"

"తెలిసే అమ్మేనమ్మా."

దేముడమ్మ చేట కింద పెట్టింది. తిడుతుందని చూశాడు, శపిస్తుందని చూశాడు. కళ్ళు తుడుచుకుని, "మరైతే ఆసుపత్రికి నువ్వే తీసుకెల్లు. మళ్ళీ కాయితాలు రాయించాలంట. నాకు సదువు రాదు. ఏ కిటికీ కాడికెల్లాలో తెలీదు. ఆయన నిలబడలేడు," అంది.

ఆ వారం సునీల్ ఒప్పుకున్న రెండు పెళ్ళిళ్ళు స్నేహితుడు మహీధర్‌కి అప్పగించేశాడు. తెల్లారితే ఆటో మాట్లాడుకుని ఉప్పు మళ్ళ అవతలికి వెళ్ళడం, వాళ్ళిద్దర్నీ పలాస తీసుకురావడం, అర్జీలు రాయడం, ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరగడం. నాలుగేళ్ళ నాటి వివరాలు పాత రిజిస్టర్లలో వెతికించాలి. ఒకరోజు తేదీ దొరకలేదు, ఒకరోజు సంతకం పెట్టాల్సినాయన సెలవు. అమ్మ రోజూ ముగ్గురికి సరిపడా అన్నం కట్టి ఇస్తోంది గాని మాట మాత్రం మితంగానే ఉంది. వాణి నుంచి ఫోన్ లేదు. తను చేస్తే ఎత్తలేదు.

పదకొండో రోజు ఆఖరి రిపోర్టు మీద ముద్ర వేయబోతూ కిటికీ అవతలి గుమస్తా తలెత్తాడు. "రోజూ మీరే వస్తున్నారు. పేషెంటుకి మీరేమవుతారు?"

పక్కన గోడకి జేరబడ్డ దేముడమ్మ ముందుకొచ్చింది.

"ఈ బాబే మా కాయితాలు పోగొట్టేడు బాబూ," అంది, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. "మళ్ళీ ఈ బాబే తీయించి పెడతన్నాడు."

వెనక జనం తొంగి చూశారు. సునీల్ ముఖం కందిపోయింది. "అవునండి," అన్నాడు. అన్నాక అతనికి ఆశ్చర్యంగా, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. గుమస్తా ఇద్దర్నీ ఎగాదిగా చూసి ముద్ర వేశాడు.

మెట్ల మీద కూర్చుని కాగితాలన్నీ ఫొటోలు తీసి ఈశ్వర్‌కి పంపాడు. గంటసేపటికి ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు.

"కాయితాలు అందేయి," అంది వాణి. "ఈయన పింఛను సైట్లో అన్నీ ఎక్కించేసేరు. సరిగ్గా ఉన్నాయంట. ఇంక ఆళ్ళకి ఇబ్బంది లేదు."

"సరే అక్కా."

అతను ఫోన్ పెట్టేయబోయాడు.

"తిన్నావేట్రా?"

సునీల్ మోకాళ్ళ మధ్య ముఖం దాచుకుని భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. దేముడమ్మ గాభరాగా దగ్గరికొచ్చింది.

"ఎవరు నాయినా? ఏటంటన్నారు?"

"మా అక్క... తిన్నావా అంటంది."

"దానికి ఏడుత్తావేటి? తినలేదని సెప్పు. పొద్దుట్నించి మంచినీళ్ళైనా తాగనేదు కదా!"

ఆ మాట ఫోన్లో వాణికి వినబడినట్టే ఉంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"ఆళ్ళిద్దర్నీ కూడా ఎక్కించుకుని బేగి రా," అంది. "అమ్మ పొద్దున్నే వచ్చీసింది. మీ బావ నువ్వొత్తే గాని తిననని కూకున్నాడు."