అత్తయ్య ఇచ్చిన స్లైడు

ఆ పొద్దున కూడా అత్తగారు కాఫీ నిలబడే తాగింది. కుట్టుమిషను ముందు స్టూలు ఖాళీగా ఉంది. కుట్టాల్సిన గౌన్లు మంచం మీద పేరుకుపోయాయి.

"కూర్చోండి అత్తయ్యా, కాళ్లు లాగడం లేదూ?"

"కూర్చుంటే బద్ధకం పట్టుకుంటుందే. నువ్వు పద, నీ గాజుపలకలు బెంగపెట్టుకుంటాయి."

కోడలు నవ్వుకుంటూ ల్యాబుకు వెళ్లింది. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన పాప్ స్మియర్లను మైక్రోస్కోపు కింద చూడటం ఆమె పని. క్యాన్సర్‌కు దారితీసే మార్పుల కోసం చేసే పరీక్షే అయినా, ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్లు కూడా అందులో బయటపడతాయి.

నాలుగో స్లైడు దాదాపు ఖాళీ. అక్కడక్కడా నాలుగు కణాలు. లోపల కడుక్కుని వచ్చినవాళ్ల స్లైడు తరచు ఇలాగే ఉంటుంది. ఫారం మీద ఎవరిదో తెలియని పేరు. వయసు యాభై ఎనిమిది. ఆరు నెలలుగా దురద, తెల్లబట్ట. మళ్లీ రమ్మని చెప్పడానికి నంబరు కొట్టింది. ఫోన్ తెరమీద 'అత్తయ్య' అని పడింది.

"చెప్పమ్మాయ్," అంది అవతలి గొంతు.

"ఏం లేదు... కూర ఏం చేస్తున్నారు?"

సాయంత్రం దాకా కోపం తగ్గలేదు. ఎవరి మీద? వేల కణాల మధ్య ఒక్క ఫంగస్ పోగును పట్టుకునే కన్ను, ఆరు నెలలుగా ఇంట్లో కూర్చోలేకపోతున్న మనిషిని చూడలేదు. ఆ సిగ్గే కోపం వేషం వేసుకుందని తెలుస్తున్నా, గుమ్మం దాటగానే గొంతు లేచింది.

"దొంగపేరు రాయించి మన నంబరే ఇచ్చారేం?"

అత్తగారి చేతిలో కత్తెర ఆగింది. "నంబరు తప్పయితే రిపోర్టెలా తెలుస్తుందే?"

"వెళ్లేముందు కడుక్కున్నారు కదూ?"

"గాయాలకు వాడే మందు నీళ్లతో. రెండుసార్లు. మరి చూసేది నువ్వాయె! కోడలి ముందు మురికిగా కనబడమంటావా?"

"దానివల్ల మంట ఇంకా పెరుగుతుంది అత్తయ్యా!"

పెద్దావిడ కత్తెర కింద పెట్టింది. "నిజం చెప్పు. క్యాన్సరేనా?"

కోడలు ఆమె పాదాల దగ్గర కూలబడింది. "ఆ స్లైడులో ఏమీ తెలియలేదు. ఉన్నదంతా మీరు కడిగేశారు. అందుకే మళ్లీ ఇవ్వాలి. నా ముందు సిగ్గయితే వేరేవాళ్లను చూడమంటాను."

అత్తగారు ఆమె జుట్టు సవరించింది. "పరాయివాళ్లెందుకు? నువ్వే చూడు. మీ ఆయనకు మాత్రం చెప్పావో, చంపేస్తాను."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఏడ్చారు.

రెండో స్లైడు నిండుగా వచ్చింది. కణాల మధ్య సన్నటి ఫంగస్ పోగులు. భయపడాల్సిన మార్పులేవీ లేవు. పెద్ద డాక్టరు కూడా చూసి సంతకం పెట్టాక కోడలు ఫోన్ చేసింది.

"ఫంగసే అత్తయ్యా. మందులతో తగ్గుతుంది. షుగరు కూడా చూపించుకోమన్నారు."

అవతల అత్తగారు చిన్న గొంతుతో, "అన్నీ అంత పెద్దవిగా కనబడతాయి కదే. నీకు అసహ్యం వేయలేదూ?"

"అసహ్యమా! ఈ స్లైడునే రెండుసార్లు చూశాను అత్తయ్యా. మొదటిసారి కళ్లకు నీళ్లు అడ్డొచ్చి ఏమీ కనబడలేదు."