గీత దాటిన ఎరుపు

గుడివాడలో తన ఫ్రేముల కొట్లోనే హెప్సిబా ఖైదీ అయిపోయింది. షట్టరు ముప్పావు వంతు దించేసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు రైసుమిల్లు శివరామయ్య. బయట వాన. లోపల గోడల నిండా పెళ్లిఫోటోలు, యేసుప్రభువు పటాలు. కొట్లో నవ్వు మొహాలన్నీ గోడల మీదే ఉన్నాయి.

“నా బొమ్మ బయటపడేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత పోలీసులు చూసుకుంటారు,” అన్నాడాయన.

ఆ బొమ్మ పేరు ‘గోళీసోడా’. శివరామయ్య చిన్ననాటి స్నేహితుడొకడు బందరులో పుట్టి, బొంబాయిలో పేరు తెచ్చుకుని, ఒక్కో రంగుకీ ఒక్కో తెర కట్టి కాగితం మీద అచ్చేసిన పాప్ ఆర్ట్. ఎర్రటి కలర్ సోడాసీసాలు వరసగా నాలుగు, అంతే! బజారు సరుకుని దేవుడి పటంలా గోడకెక్కించడమే అందులో విశేషమట. ఏళ్లుగా అది శివరామయ్య పొద్దస్తమానం కూర్చునే హాల్లో గోడ మీదే ఉంది. చిత్రకారుడు పోయాక దాని ధర ఇరవై లక్షలకి ఎక్కింది. అమ్మేముందు కొత్త ఫ్రేము కట్టమని నిన్న సాయంత్రం శివరామయ్య మేనల్లుడు శ్యాంబాబు తెచ్చిచ్చాడు. పొద్దున ఫ్రేము కట్టి, ఫోటో తీసి పంపితే హైదరాబాదు నిపుణుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇది నకిలీ. అసలు అచ్చుల్లో ఎరుపు రంగు సీసా గీత దాటి ఉంటుంది, ఇందులో దాటలేదు.

ఇంకేముంది, రాత్రంతా బొమ్మ కొట్లోనే ఉంది కాబట్టి నేరం హెప్సిబా మెడకి చుట్టుకుంది. పోలీసు జీపు ఒక్కసారి ఈ వీధిలో ఆగితే చాలు, రేపటినుంచి ఏ ఇల్లాలు తన పెళ్లిఫోటో తెచ్చి ఆవిడ చేతిలో పెడుతుంది? చర్చిలో తెలిసిన బాబూరావు గారికి ఫోన్ చేసింది. ఆయన బందరులో ప్రైవేట్ డిటెక్టివ్ జ్యోతిర్మయికి అసిస్టెంటు.

ఇద్దరూ తడుస్తూ షట్టరు కింద నుంచి దూరి వచ్చారు. “ఏడవకమ్మా! మా మేడమ్ చూస్తే గోడలు కూడా నిజం చెబుతాయి,” అన్నాడు బాబూరావు. మేడమ్ ఆయన కూతురి వయసుది, అయినా ఆయనకి ఆవిడంటే అంత గురి.

జ్యోతిర్మయి బొమ్మ విప్పించి అంచులు చూసింది. “ఈ చిల్లులు మీరు పెట్టారా?”

“అయ్యో, లేదండీ! ఫ్రేము విప్పినప్పుడే ఉన్నాయి.”

“పాత ఫ్రేమేదీ?”

“అదిగో, మూల. వెనక అట్టకి కాగితం అంటించి ఉంది. విప్పుతుంటే జిగురు వేళ్లకి అంటి చిరాకేసింది.”

గోడవార కూర్చున్న శ్యాంబాబు లేచాడు. “దాంతో పనేముందండీ? పాతది గుర్తుగా ఉంటుందని నేనే తిరిగిమ్మన్నాను. ఎవరైనా తొక్కేస్తారు, కార్లో పెట్టొస్తాను మావయ్యా.”

“కూర్చోరా! ఎవరూ కదలొద్దన్నానా?” కసిరాడు శివరామయ్య.

“మీ వ్యాపారం ఏమిటండీ?” శ్యాంబాబుని అడిగింది జ్యోతిర్మయి.

“చీరలండీ. పెడన అద్దకంవాళ్ల దగ్గర్నుంచి తెచ్చి అమ్ముతాను.”

ఆవిడ తలూపి అందర్నీ బల్ల చుట్టూ పిలిచింది.

“ఒక రంగు ఆరాకే ఇంకో రంగు వెయ్యాలి. ఈ ముసుర్లో రాత్రికి రాత్రి ఇన్ని రంగులు ఆరవు. అంటే నకిలీ ఈ కొట్టుకి రాకముందే తయారైంది. ఈ చిల్లులు గుండుసూదులవి. బల్ల మీద గుడ్డ సాగదీసి సూదులు గుచ్చేది బట్టల అద్దకంవాళ్లు. కాగితానికీ అదే చేశారు, అలవాటు! రంగు గీత దాటితే చీర పాడైనట్టేనని వాళ్ల లెక్క. అందుకే చెయ్యి ఊరుకోక అసలులో ఉన్న ‘తప్పు’ దిద్దేశారు. శుభ్రంగా వచ్చిందని మీరూ మురిసిపోయారు, కదండీ శ్యాంబాబు గారూ?”

“పెడనతో వ్యాపారం నాకొక్కడికేనా? నాకే అంటగడతారేంటి?”

“నిజమే, చాలామందికుంది. కానీ ఏళ్లనాటి ఫ్రేముకి తడి జిగురేమిటి? మీ మావయ్య గారు పొద్దస్తమానం హాల్లోనే ఉంటారు. బొమ్మ మార్చగలిగారు గానీ, అసలుదాన్ని ఆయన కళ్లముందు నుంచి బయటికి తేలేకపోయారు. అందుకే అట్ట వెనకే దాచి, ఫ్రేముతో సహా ఆయన చేతే పంపించుకున్నారు. బాబూరావు గారూ, ఆ కాగితం చింపండి.”

చింపితే పాలిథిన్ కవరు, అందులో సోడాసీసాలు! ఎరుపు గీతలు దాటి పొంగిపోతోంది.

శ్యాంబాబు షట్టరు వైపు చూశాడు. మావయ్య కుర్చీ అడ్డంగా ఉంది.

“ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారు మరి,” అన్నాడు బాబూరావు, మేడమ్ వైపు మురిపెంగా చూస్తూ.

శివరామయ్య బొమ్మని దగ్గరికి లాక్కున్నాడు. “రంగు సరిగ్గా వెయ్యడం రాదని ఈ బొమ్మ వేసినవాణ్ణి వెక్కిరించేవాణ్ణి. చిన్నప్పుడు గోళీ కొట్టగానే పొంగి మా చొక్కాల మీద పడేదమ్మా సోడా. వాడు అదే వేశాడు, నాకిన్నాళ్లూ తట్టలేదు.” కళ్లు తుడుచుకుని హెప్సిబా వైపు తిరిగాడు. “ఇంక దీన్ని అమ్మను. నువ్వే ఫ్రేము కట్టాలి తల్లీ. ఎంతడిగితే అంతిస్తాను.”

పొద్దుటినుంచి అనలేకపోయిన మాట హెప్సిబా అప్పుడు అనేసింది.

“కడతానండీ. ముందు నా షట్టరెత్తండి.”

ఆయన కుర్చీ పక్కకి జరిపి, వీధంతా చూస్తుండగా, నడుం వంచి తన చేత్తోనే ఎత్తాడు.