షాఫ్టు తీసిన బండి

"అన్నా! ఈ బండి నోరన్నా మూయించు, లేదంటే నా చెవులన్నా కోసెయ్!"

మధులత రాఘవతో అన్న మొదటి మాట ఇది. ఆత్మకూరులో బస్సు డిపో దాటాక నెల్లూరు రోడ్డు పక్కన అతని షెడ్డు. దాని ముందు బండి ఆపి, దిగకుండానే అరిచింది.

రాఘవకు బండి మీద కోపం రాలేదు. అరిచిన అమ్మాయి మీదా రాలేదు. 'అన్నా' అన్నందుకు వచ్చింది. చేతికి గ్రీజు అంటిన పాపానికి, అందంగా ఉన్న ప్రతి పిల్లా మెకానిక్కుని అన్నా అనే పిలవాలని ఏ మహానుభావుడు రూలు పెట్టాడో గానీ, వాడు కనిపిస్తే స్పానరు పట్టుకుని మాట్లాడాలని అతనికి చాలాకాలంగా ఉంది.

"ఏమైంది మేడం?"

"స్పీడు పెంచితే చాలు, కింద ఎవురో రోకలితో దంచతా ఉండారు. ఉదయగిరి నుంచి ఈడికి వచ్చేలోపల తల పగిలిపోతా ఉండాది."

"డ్రైవింగు ఎవురి కాడ నేర్చుకున్నారు?"

"మా నాయన కాడ. ఎందుకు?"

"శబ్దం బండిదా, మీరు తోలే తీరుదా అని."

ఆమె దిగి తలుపు వేసిన వేగానికి షెడ్డు రేకులు కూడా అదిరాయి.

"ఏందబ్బా నీ పొగరు? ఆ మెయిన్ రోడ్డు ల్యాబులో రక్తం తీసేది నేనే. ఏదో ఒకనాడు జొరమొచ్చి నా చేతికి దొరక్కపోవు. నరం దొరకలేదని నాలుగు చోట్ల పొడస్తా!"

రాఘవ నవ్వు ఆపుకుంటూ బండి కిందికి దూరాడు. తొందరగా బయటికి వస్తే ఆమె తొందరగా వెళ్ళిపోతుందని, చూసిందే మళ్ళీ చూస్తూ కాసేపు అక్కడే పడుకున్నాడు.

"షాఫ్టు మేడం. ఇంజను బలాన్ని ఎనక చక్రాలకి మోసకపోయే కడ్డీ. దాన్ని నడిమద్దెన పట్టుకునే బేరింగు అరిగిపోయింది. అది ఈడ దొరకదు. మద్రాసు నుంచి తెప్పించాల."

"ఎన్నాళ్ళు పడతాది?"

"వారమో, నెలో. పాత మోడలు గదా."

అంతవరకూ అరిచిన అమ్మాయి చప్పున చల్లబడిపోయింది. షెడ్డు ముందున్న స్టూలు మీద కూర్చుని, కొత్తవాడని కూడా చూడకుండా ఉన్న సంగతి చెప్పేసింది. వాళ్ళ నాయన పెంచలనరసయ్యకు ఉదయగిరి కొండ కింద గొర్రెల మందలున్నాయి. మందల దగ్గరికి పోయి రావడానికని, నాలుగు చక్రాలూ లాగే ఈ పాత బండిని బెంగళూరులో కొన్నాడు. ల్యాబు పనికి పోయేందుకు దాన్నే కూతురి చేతికి ఇస్తున్నాడు. చీకటి పడ్డాక ఆడపిల్ల బస్సు దిగి నడిచి రావడం ఆయనకు ఇష్టం లేదు. బండి ఉంటేనే ఉద్యోగం. ఇప్పుడు శబ్దం విని, ఆదివారంలోపల బండి అమ్మి పారేస్తాను, ఇంట్లో కూర్చో అంటున్నాడు.

"ఇంట్లో కూచుంటే ఏముండాది? ఎవుడో ఒకడు చూసేదానికి వస్తాడు. కాఫీ గ్లాసులు మోసుకోని పోవాల" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంచి మెకానిక్కు అయితే ఆ నీళ్ళు చూడకూడదు. రాఘవ చూశాడు.

"ఒక పని చేద్దాం మేడం. బేరింగు వచ్చేదాకా షాఫ్టునే తీసి పక్కన పెడతా. ముందు చక్రాల మీద బండి నడస్తాది. శబ్దం ఉండదు. కానీ బురదలోకి పోగూడదు, కొండ ఎక్కగూడదు. ఎనక చక్రాలు లాగవు. ఈ మాట మీ నాయనకి చెప్పాల."

"చెప్తా."

"మర్చిపోకుండా చెప్పండి."

"చెప్తాలే అన్నా!"

షాఫ్టుకు గోనెపట్ట చుట్టి, మీద సుద్దముక్కతో బండి నంబరు రాసి మూలన పెట్టాడు. బండి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

శబ్దం పోయింది కాబట్టి ఆమెకు ఇక షెడ్డుతో పని లేదు. అయినా సాయంత్రమైతే బండి అక్కడే ఆగేది. ఒకరోజు టైరులో గాలి తక్కువ ఉందనేది. ఇంకోరోజు గాలి ఎక్కువైందనేది. పక్కనే కామాక్షమ్మ టీ అంగడి. రెండు టీలు చెప్పి, అవి చల్లారిపోయేదాకా పోట్లాడుకునేవాళ్ళు.

అక్టోబరు వానలు పట్టుకున్న ఒక సాయంత్రం, రేకుల మీద వాన మోతలో ఆమె గట్టిగా అరిచింది.

"రాఘవా! నీ చొక్కాకి గ్రీజు లేని చోటు ఒకటుండాది. ఇప్పుడే చూసినాను!"

రాఘవకు ఆ చోటు ఎక్కడుందో అక్కర్లేదు. అన్నా అనలేదు. అతనికి అదే చాలు.

"ఇంకోసారి పిలువు."

"ఎందుకు?"

"వానకి ఇనపళ్ళేదు."

"ఇనపడింది. నీ మొహం చూస్తే తెలస్తా ఉండాది" అని, వానలోకి చెయ్యి చాపి ఆ నీళ్ళు అతని మీద చిలకరించింది. ఆ రోజు టీ అంగడి కట్టేసేదాకా వాన తగ్గలేదు. తగ్గకూడదని ఇద్దరూ కోరుకున్నారు కూడా.

"మీ నాయనకి చెప్పినావా?" అని అడిగాడు ఆమె వెళ్ళేటప్పుడు.

"ఏది? షాఫ్టు సంగతా, నీ సంగతా?"

ఆ మాటకు రాఘవ ఎంత మురిసిపోయాడంటే, జవాబు రాలేదని గమనించలేదు. ఆ తర్వాత షాఫ్టు సంగతి మళ్ళీ అడగలేదు.

తుపాను వాన కురిసిన ఆదివారం, వంక పొంగుతోందని, మందను పైకి తోలాలని పెంచలనరసయ్యకు ఫోను వచ్చింది. కాపరి కామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. నాలుగు చక్రాల బండి కదా అని ధైర్యంగా కొండదారి ఎక్కించాడు. సగం ఎక్కాక ముందు చక్రాలు బురదలో ఊరికే తిరిగాయి. బండి వెనక్కి జారి వంకలో పడింది. పెంచలనరసయ్యకు ఏమీ కాలేదు. కామయ్య కాలు బండరాయికీ తలుపుకీ మధ్య నలిగి రెండుచోట్ల విరిగింది.

బండిని బయటికి లాగిన ట్రాక్టరు డ్రైవరు కిందికి వంగి చూసి, "పెద్దాయనా, దీనికి ఎనక షాఫ్టే లేదే! ఎవురో పీకేసినారు" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే పెంచలనరసయ్య షెడ్డుకు వచ్చాడు. వెంట మధులత, కామయ్య పెళ్ళాం వెంగమ్మ. ఆయన సరాసరి లోపలికి పోయి, మూలన సుద్దతో రాసిన తన బండి నంబరు చూసి గోనెపట్ట విప్పాడు. షాఫ్టును రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చి పడేశాడు. టీ తాగుతున్నవాళ్ళంతా గ్లాసులతోనే లేచి వచ్చారు.

"దొంగ నాయాలా! మా బండిలో సామాను పీకి నీ షెడ్డులో దాచిపెట్టుకుంటావా? మనిషి చచ్చిపోయుంటే?"

"దొంగతనం కాదు పెద్దాయనా. అమ్మాయికి చెప్పే తీసినాను."

పెంచలనరసయ్య కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు తెలుసునా?"

వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మధులత ఆమెను చూసింది. తెలుసు అంటే కామయ్య కాలు తన మెడకు చుట్టుకుంటుంది. బండి పోతుంది, ఉద్యోగం పోతుంది. ఆ పిల్ల భయపడటంలో అన్యాయమేమీ లేదు. కానీ నోరు తెరిచి ఆమె అన్న మాట ఇదీ.

"నాకేం తెలుసు నాయనా? శబ్దం పోతాదని ఈ అన్న చెప్పినాడు, సరే అన్నాను. అంతే."

ఈ అన్న!

రాఘవ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడకుండా చున్నీ కొసను మెలిపెడుతోంది. అది చూసి అతనికి మళ్ళీ జాలి కలిగింది. మనిషి నాశనం కావడానికి అంతకంటే ఏం కావాలి?

"తప్పు నాదే పెద్దాయనా. ఆమెకి తెలీదు. చెప్పకుండా తీసినాను" అన్నాడు.

"ఇంతలోపలే మాట మార్చినాడు చూడు!" అన్నారు జనం.

బేరింగు వచ్చింది. రాఘవే బండి బాగుచేసి, షాఫ్టు బిగించి ఊరికే ఇచ్చాడు. కామయ్యను చూడటానికి ఆసుపత్రికి పోతే వెంగమ్మ గుమ్మం దగ్గరే అడ్డం నిలబడి, పండ్ల సంచి తిరిగి చేతికిచ్చింది. షెడ్డుకు గిరాకీ సగానికి పడిపోయింది. వచ్చే డ్రైవర్లు కూడా రిపేరయ్యాక బండి కింద పడుకుని, సామానంతా ఉందో లేదో చూసుకుని మరీ పోతున్నారు. ఆత్మకూరులో అతనికి 'షాఫ్టు దొంగ' అని పేరు పడింది.

మధులత బండి, ఉద్యోగం రెండూ నిలబడ్డాయి. ఇప్పుడు ఆమె షెడ్డు ముందుకు రావడం లేదు. ఒక రాత్రి ఫోనుకు మెసేజి మాత్రం వచ్చింది. 'సారీ. నువ్వు దేవుడివి.' రాఘవకు ఒళ్ళు మండింది. దేవుడివని చెప్పి దణ్ణం పెట్టి తప్పుకోవడం సులభం. వచ్చి పక్కన నిలబడటమే కష్టం.

ఎండలు ముదిరాక ఒక రోజు పెంచలనరసయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో పండ్లు, తమలపాకులు ఉన్న సంచి. వెనకాల మధులత. ఇద్దరూ షెడ్డు లోపలికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు.

"అబ్బయా, పాప అంతా చెప్పింది. సంబంధం చూస్తే వద్దని ఏడ్చి, అప్పుడు చెప్పింది. నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను, మనసులో పెట్టుకోవాకు. మీవోళ్ళ గురించి కనుక్కున్నాను. మావోళ్ళే. నీకు ఇష్టమైతే వచ్చే నెల్లోనే పెళ్ళి పెట్టుకుందాం."

రాఘవ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. మధులత అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం అతను ఎన్ని సాయంత్రాలు రోడ్డు వైపు చూశాడో ఆమెకు తెలియదు. ఇప్పటికీ ఆమె అంటే ప్రాణమే. అందుకే అడిగాడు.

"ఒక్క మాట పెద్దాయనా. ఆ టీ అంగడి కాడ మనుషులుండారు. ఆ రోజు ఉన్నోళ్ళే. 'షాఫ్టు నాకు తెలిసే తీసినాడు' అని మధులత వాళ్ళతో చెప్పాల. తర్వాత ఎప్పుడంటే అప్పుడు పెళ్ళి."

పెంచలనరసయ్య మొహం మాడిపోయింది. "అయిపోయిన దాన్ని ఇప్పుడు తవ్వడం ఎందుకబ్బయా? కామయ్యోళ్ళు ఇంటే ఊరుకుంటారా? పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి. మా అల్లుడ్ని ఎవురేమంటారు?"

"దొంగకి పిల్లనిచ్చినాడు అంటారు."

"రాఘవా!" మధులత దగ్గరికి వచ్చింది. "నాయనకి చెప్పేదానికే సగం చచ్చినాను. ఇంతమంది ముందర అబద్ధం చెప్పినానని ఎట్ట చెప్పుకునేది? రేపు తల ఎత్తుకోని ఈ ఊళ్ళో ఎట్ట పని చేసేది?"

"నేను చేస్తా ఉండాను గదా."

మధులత తల తిప్పి రోడ్డు వైపు చూసింది. టీ అంగడి నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఒకసారి అటు కదిలింది కూడా. ఆమె గడప దాకా పోయి, అక్కడి మనుషుల్ని చూసి, చున్నీ సర్దుకుని వెనక్కి తిరిగింది.

"పోదాం నాయనా" అంది.

రాఘవ పండ్ల సంచి తీసుకుపోయి బండి వెనక సీట్లో పెట్టాడు. ఆమె అద్దం దించలేదు.

బండి మలుపు తిరిగాక కామాక్షమ్మ కేక వేసింది. "ఆ పెద్దాయన మళ్ళీ ఎందుకొచ్చినాడబ్బయా? ఈసారి ఏం సామాను పోయిందంట?"

టీ తాగుతున్నవాళ్ళు గట్టిగా నవ్వారు. జరిగిందంతా అప్పుడే చెప్పేయొచ్చు. అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"ఏం లేదక్కా. ఒక టీ పొయ్" అన్నాడు రాఘవ.

గ్లాసు తీసుకుని షెడ్డులోకి వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి, రిపేరుకొచ్చిన బండి కిందికి దూరాడు. అక్కడైతే ఎవరూ చూడరు కాబట్టి, ఏడ్చాడు.