చెదిరిన నీలం చుక్క

"దీంట్లో ఎవరో తలుపు కొడుతున్నారన్నా. కాస్త చూడు."

అద్దంకిలో నర్సరావుపేట రోడ్డు పక్కనున్న ఖాజావలి మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపి సాజిదా అన్న మొదటి మాట అది. హెల్మెట్ తీస్తే జుట్టు మీద పత్తి పీచు. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంటు. పొద్దస్తమానం చేలల్లోనే తిరుగుడు.

ఖాజావలి ఆమెకంటే ముందు బండిని చూశాడు. బండికంటే ముందు దాని చప్పుడు విన్నాడు. మూల మలుపు దగ్గరే వినపడింది. డబ్, డబ్, డబ్. గుర్తుపట్టాడు.

మూడు నెలల కిందట పాత బండ్ల బ్రోకర్ పానకాలు దాన్ని ఈ షెడ్డుకే తెచ్చాడు. ఇంజన్ లోపల కనెక్టింగ్ రాడ్ అరిగిపోయింది. ఇంజన్ దించితే తప్ప బాగుపడదు. "అంత తతంగం ఎందుకురా, దాని నోరు ముయ్యి చాలు" అన్నాడు పానకాలు. ఖాజావలి మామూలు ఆయిల్ తీసేసి, ట్రాక్టర్లకి పోసే చిక్కటి గేర్ ఆయిల్ పోశాడు. చప్పుడు అందులో మునిగిపోయింది. ఆదివారం సంతలో బండి అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో అతను అడగలేదు. కొన్నవాళ్లకి ఒక మొహం ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

ఇప్పుడా మొహం ఎదురుగా నిలబడి తుమ్ముతోంది. మిరపకాయల లారీ ఒకటి అప్పుడే ఘాటు వదిలి గుంటూరు వైపు పోయింది.

"చెప్పు డాక్టరన్నా, ఏంటి జబ్బు?"

పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. వినాల్సిన పనిలేదు. అయినా విన్నాడు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఎర్రబడ్డ ముక్కు తుడుచుకుంటూ ఆమె నవ్వింది. అంతే, అది వెనక్కి వెళ్లిపోయింది.

"టాపెట్లండీ. లూజయ్యాయి."

టాపెట్లు సరిచేసి బోల్టు బిగించాడు. జేబులోంచి చిన్న సీసా తీసి, సగం బోల్టు మీద, సగం ఇంజన్ మీద పడేలా నీలం చుక్క పెట్టాడు.

"నెయిల్ పాలిషా! ఎవరిది, వదినదా?"

"వదిన లేదండీ. నేను బిగించిన ప్రతి బోల్టుకీ చుక్క పెడతా. చుక్క చెదిరిందంటే బోల్టు తిరిగినట్టు. చెదరనంతకాలం నా పూచీ."

"ప్రతి బోల్టుకీనా?"

"ప్రతి బోల్టుకీ."

ఆమె ఆ చుక్క వంక చాలాసేపు చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాడు.

పది రోజులకి మళ్లీ అదే చప్పుడు మూల మలుపు తిరిగింది.

"తలుపు కొట్టేవాళ్లు పోలేదండీ."

ఈసారి టైమింగ్ చైన్ అన్నాడు. ఆమె స్క్రూడ్రైవర్ లాక్కుని చెవికి పెట్టుకుంది. ఎక్కడ ఆనించాలో చూపించటానికి అతను వంగాడు. ఆమె చెవి కమ్మ అతని చెంపకి చల్లగా తగిలింది.

"మీకేం వినపడింది?" అంది.

"చైనండీ."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

బండి ఎక్కబోతుంటే, "నలభై దాటొద్దు" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"అంటే... కుక్కలు అడ్డొస్తాయి."

"కుక్కలా!" పకపకా నవ్వి వెళ్లిపోయింది. చేతుల గ్రీజు కడుక్కుంటున్నప్పుడు తట్టింది అతనికి. ఆ రోజు ఆమె ఒక్కసారి కూడా 'అన్నా' అనలేదు.

మూడోసారి ముసురుతో పాటు వచ్చింది. రేకుల కింద ఇద్దరే. సగం తడిసిన చున్నీ పిండుకుంటూ తన బండి కథ చెప్పింది. ఇంట్లోవాళ్లు స్కూటీ చాలన్నారు. నల్లరేగడి బురదలో స్కూటీ ఏం కదులుతుంది? పట్టుబట్టి తను కొనుక్కున్న మొదటి వస్తువు ఇదేనంది.

అతను తన తాత గురించి చెప్పాడు. "దూదేకేవాడండీ. వింటినారి మోత విని పత్తి ఎంత చెమ్మగా ఉందో చెప్పేసేవాడట."

"మరి మనవడికి మూడోసారికి కూడా అంతుపట్టలేదే!"

ఎగతాళి అనుకుని నవ్వాడు. ఆమె మాత్రం వాననే చూస్తోంది. అతను సైలెన్సర్ క్లాంపు బిగించి చుక్క పెట్టాడు.

మొదట్లో ఆ చప్పుడు వింటే అతనికి గుండె జారేది. తర్వాత్తర్వాత దానికోసమే చెవులు కాచుకుని ఉండేవి. బండి బాగుపడితే ఆమె రాదు. నిజం చెబితే అసలే రాదు. ఆమె రావటానికీ, ఆమెకున్న ప్రమాదానికీ కారణం ఒకటే అయి కూర్చుంది. దాన్ని తీసేసే ధైర్యం అతని చేతులకి లేదు. పెళ్లయ్యాక చెప్పొచ్చు, ఇద్దరూ కలిసి నవ్వుకోవచ్చు అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. అదీ చిక్కటి ఆయిల్ లాంటిదేనని తెలుసు. తెలిసే పోసుకున్నాడు.

నాలుగోసారి ఆమె హెల్మెట్ తియ్యకముందే అడిగేశాడు.

"మా అమ్మని మీ ఇంటికి పంపనా?"

ఆమె కదల్లేదు. కళ్లు మాత్రం ఒక్క క్షణం మెరిసి, వెంటనే మసకబారాయి.

"అంతకుముందు చెప్పాల్సింది ఏమన్నా ఉందా?"

"ఏముందండీ... మీరంటే ఇష్టం. అంతే."

"అంతేనా?"

"అంతే."

ఆమె గుడ్డపీలిక తీసుకుని నేలమీద గొంతుక్కూర్చుంది. ఇంజన్ అడుగున అట్టకట్టిన బురద తుడిచింది. ఆయిల్ దించే బోల్టు బయటపడింది. దాని మీద ఒకవైపు సగం నీలం చుక్క. ఇంజన్ మీద, వేరే చోట, మిగతా సగం.

"కొన్న నెలకి మా ఊరి ట్రాక్టర్ డ్రైవర్ పీరు మామ ఆయిల్ మార్చాడు. 'ఇది బండి ఆయిల్ కాదమ్మా, ఎవడో చప్పుడు నొక్కి అమ్మాడు, రాడ్ పోయింది. ఇదుగో వాడి చుక్క' అన్నాడు. ఎవరిదో తెలియక ఊరుకున్నా."

"అయితే... మొదటి రోజే..."

"మీరు సీసా తీసినప్పుడే."

"మరి మళ్లీ మళ్లీ ఎందుకొచ్చారండీ?"

"వినటానికి. మీ నోటితో ఎప్పుడు చెబుతారా అని." "ఆ రోజు నలభై దాటొద్దన్నారే, మనిషి లోపల బాగానే ఉన్నాడనుకున్నా. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకో రెండుసార్లు వచ్చా. ముప్పై దాటకుండా వచ్చా."

అతను తల దించుకున్నాడు.

"రాడ్ విరిగితే చక్రం బిగుసుకుపోయి కిందపడతానని తెలుసా, తెలీదా?"

"నెమ్మదిగా వెళితే..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"హమ్మయ్య. ఒక్కటి నిజం చెప్పారు." లేచి తాళం చెవి బల్ల మీద పెట్టింది. "ఇంజన్ దించండి. అమ్మగారిని మాత్రం పంపొద్దు."

నాలుగు రోజులు ఇంకో బండి ముట్టుకోలేదు ఖాజావలి. కొత్త రాడ్, కొత్త బేరింగులు వేశాడు. ఏ బండికీ చెయ్యనంత శ్రద్ధగా చేశాడు. ఇంత బాగా చెయ్యగలనని తెలిసి మరీ కుమిలిపోయాడు.

ఐదో రోజు ఆటోలో వచ్చింది. స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని వింది.

"లోపల ఎవరూ లేరు," అంది. తర్వాత ఒక్కో బోల్టూ చూసింది. "చుక్కలు పెట్టలేదే?"

"చేతులు రాలేదండీ."

హెల్మెట్ పెట్టుకుని గేరు వేసింది.

"థాంక్సన్నా."

బండి మూల మలుపు తిరిగి, రోడ్డు మీది చప్పుళ్లలో కలిసిపోయింది.

జబ్బుపడ్డ బండికైతే దాని గొంతు దానిదే. బాగున్నవన్నీ ఒకేలా మోగుతాయి. ఆ మలుపులో ఏ బండి నున్నగా తిరిగినా ఖాజావలి చేతిలో పానా ఆగుతుంది. తలెత్తి చూస్తాడు. ఎవరో పోతుంటారు.