మేడ తరఫున చెప్పిన మాట

ఉదయం తొమ్మిదింటికి దర్జీ పెద్దాయన ఒక చొక్కాకి కాలరు కుడుతున్నాడు. మెట్లెక్కి వస్తున్న కోడలి అడుగుల్లోనే కోపం వినబడింది. రోజూ మూడో అంతస్తులో ఆగి ఆయాసం తీర్చుకునే మనిషి ఇవాళ ఆగలేదు.

"మావయ్యా, ఆ మిషన్ కాస్త ఆపండి."

ఆపాడు. ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టింది. చెమ్మ గోడలకి మరమ్మతు, మెట్ల మీద దీపాలు, వారానికోసారి డాక్టరు కావాలని, వాటికి నిధులివ్వమని ఎనిమిది నెలలుగా డ్యూటీ దిగి వచ్చి ఇల్లిల్లూ తిరిగి అర్జీకి సంతకాలు పట్టింది ఆమె. దానికి నగర కార్యాలయం పంపిన జవాబది.

"కుదరదన్నారు. మన మేడలో ఏ ఇబ్బందీ లేదట. పోయినేడు సర్వేలో పన్నెండు ఇళ్లకీ ఒకటే జవాబు, 'బాగానే ఉన్నాం' అని. కింద సంతకం ఎవరిదో చూడండి."

చూడక్కర్లేదు. ఎండన పడి సర్వేకి వచ్చిన ఉద్యోగిని గుమ్మంలోనే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అందరి తరఫునా తనే చెప్పి పంపాడు. మేడకి పెద్దనని మురిసిపోయాడు కూడా.

"కొత్త మనిషి అడిగితే ఏం చెప్తామమ్మా? ఇంటి గుట్టు వీధిన పెట్టుకుంటామా?"

"గోడ మీద బూజు గుట్టా? పైవాటా మామ్మ చీకట్లో మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది, అదీ గుట్టేనా? మీ మనవరాలి పిల్లికూతలు మీకు వినబడవా?"

"చలికి..."

"వేసవిలో కూడానా?"

పక్కగదిలో ఐదేళ్ల పాప ఊపిరి ఈల వేసినట్టు సన్నగా లాగుతోంది. మిషన్ ఆగితే చాలు, అది వినిపిస్తుంది. కుట్టడానికి బట్ట లేనప్పుడు కూడా తను మిషన్ ఎందుకు తొక్కుతున్నాడో ఆయనకి అప్పుడు తెలిసింది. కళ్లద్దాలు తీశాడు. తుడుచుకోవలసింది అద్దాలని కాదు.

"నావల్లేనా తల్లీ?"

కోడలి కోపం సగం దిగిపోయింది. "ఇవాళ సాయంత్రం దాకా గడువుంది. కానీ ఆ జవాబిచ్చిన మనిషే వచ్చి మార్చాలట. మీరు రారేమోనని..."

"నా చెప్పులెక్కడ?"

కార్యాలయంలో గుమస్తా పాత కాగితం తీసి చూసింది. "అయితే అప్పుడు అబద్ధం చెప్పారా, పెద్దాయనా?"

"మర్యాదకి చెప్పానమ్మా. ఎవరు పలకరించినా అదేగా అంటాం. పొద్దున్నుంచీ మీరెంతమందికి చెప్పుంటారు?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. కొత్త ఫారం తీసి, కలం మూత కూడా తనే విప్పి ఇచ్చింది. "కూర్చుని రాయండి. తొందరేం లేదు."

ఆయన ఇంటింటి సంగతీ రాశాడు. ప్లంబరుకి దగ్గు, ఏడాదిలో ఛాతీ రెండంగుళాలు తగ్గింది. బడిపంతులమ్మ చీకటి పడితే మెట్లు దిగదు.

"ఇవన్నీ మీకు తెలుసా?" కోడలు నోరు తెరిచింది.

"కొలతలు తీసేవాణ్ణి, తెలియకేం?"

తమ ఇంటి వరస మిగిలింది. ఆమె కలం అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. "ఐదేళ్ల పాప. రాత్రిళ్లు ఊపిరి అందదు. తాత విన్నాడు, చెప్పలేదు."

"ఆ చివరి ముక్క వాళ్లకెందుకు, మావయ్యా?" అంది కోడలు.

"ఉండనీ తల్లీ."

గుమస్తా అంతా చదివింది. ఏదీ కొట్టెయ్యలేదు. "గురువారం మావాళ్లు వచ్చి గోడలు చూస్తారు" అని ముద్ర వేసింది.