గంట బొమ్మ మూత

"మూత తియ్యలేదమ్మా. కానీ లోపలుండే బీరు మారిపోయింది."

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, మందుల షాపు పైన ఉన్న రేవతి ఆఫీసులోకి వస్తూనే ఓబయ్య అన్న మాట అది. చంటిబిడ్డను తెచ్చినట్టు టవల్లో చుట్టి తెచ్చిన సీసాను బల్ల మీద నిలబెట్టాడు. నల్లటి మనిషి. ఓడల్లో తాళ్ళు లాగిన చేతులు.

రేవతి ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు రొయ్యల చెరువుల బీమా కంపెనీలో పనిచేసింది. చచ్చిన రొయ్యలను చూసి అవి ఎప్పుడు చచ్చాయో, యజమాని ఎంత అబద్ధం చెబుతున్నాడో తేల్చడం ఆమె పని. అసిస్టెంటు సుశీల్ కుమార్‌కు ఆమె అంటే గురి. ఆమె ఊరికే కిటికీలోంచి చూస్తున్నా, ఏదో కనిపెట్టేసిందనే అనుకుంటాడు.

"మెల్లగా చెప్పండి ఓబయ్య గారూ. ఏంటీ సీసా?"

"ఆడకూతురి ముందు ఈ మాటలు..." ఓబయ్య సుశీల్ వైపు చూశాడు.

"పర్లేదు, చెప్పండి. మేడమ్‌కు బీరూ ఒకటే, బాదంపాలూ ఒకటే," అన్నాడు సుశీల్.

ఓబయ్యది కోట అనే ఊరికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె. తనూ, స్నేహితుడు చిన్నపోలయ్యా కుర్రతనంలోనే సరుకు ఓడలెక్కి లోకమంతా తిరిగారు. ఏ రేవులో దిగినా ఆ ఊరి బీరు రుచి చూడటం, ఒక ఖాళీ సీసా ఇంటికి తెచ్చుకోవడం వాళ్ళ అలవాటు. ఇది మాత్రం నిండు సీసా. బెల్జియంలో ఆంట్‌వెర్ప్ రేవులో కొన్నది.

"ఆ ఊరి మఠంలో సన్నాసులే కాస్తారంటమ్మా. దాచిపెడితే ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుందంట. పోలయ్యకు లోకం మొత్తం మీద ఇదే ఇష్టం. 'ఒరే ఓబా, ఇద్దరం ఓడలు మానేసి ఇంట్లో కూర్చున్నాక చెరిసగం తాగుదాం రా' అన్నాడు. ఓడలు మానేసినాం. వాడు ఫైబరు పడవ కొన్నాడు. ఒక తుపాను రోజు వేటకు పోయినాడు." ఓబయ్య ఆగాడు. "ఇంకా రాలేదు."

రాలేదు అన్నాడు గాని, పోయాడు అనలేదు. రేవతి అది గమనించింది.

"ఇది మారిందని ఎట్లా తెలిసింది?"

"మొన్న నాకు కంట్లో శుక్లం తీసినారు. కట్టు విప్పినాక ఇంటికొచ్చి మొదట చూసింది దీన్నే. రంగు ఎర్రగా ఉండాది. అడుగున గసి ఉండాలమ్మా, చిటికెడు. అది లేనే లేదు."

సుశీల్ ఉత్సాహంగా ముందుకు వంగాడు. "మేడమ్, శుక్లం తీశాక రంగులన్నీ వేరేగా కనిపిస్తాయి. మా తాతకు అమ్మమ్మ పట్టుచీర కూడా కొత్తగా కనిపించింది!"

"గసి కూడా కరిగిపోతుందా సుశీల్?" అంటూ రేవతి సీసాను చేతిలోకి తీసుకుంది. నీలం మూత, దాని మీద తెల్లని గంట బొమ్మ. అంచున కాస్త తుప్పు. లేబులు ఒక పక్క బాగా వెలిసిపోయింది. ఆ పక్కను తన వైపు తిప్పుకుని ఆమె పైనుంచి మూతను చూసింది. మూత కూడా సగం వెలిసింది. కానీ ముదురు నీలంగా మిగిలిన సగమే ఆమె వైపు ఉంది.

"దీన్ని అటూ ఇటూ తిప్పుతుంటారా?"

"తిప్పను. అద్దాల అలమారాలో దాని మొహం ఎప్పుడూ తూరుపు కిటికీ వైపే. పోలయ్య వచ్చేది ఆ దిక్కు నుంచే గదా. తాళంచెవి నా మొలతాడుకే కట్టుకుంటా."

"ఎవరి మీదైనా అనుమానమా?"

ఓబయ్య ముఖం దించుకున్నాడు. "మా అల్లుడు పెంచల్ మీద. ఇంట్లో తాగే మగోడు ఇంకెవరున్నారు? నోరు జారి దొంగా అన్నా. వాడు తిరిగి ఒక్క మాట అన్లేదమ్మా, బట్టలు సర్దుకున్నాడు. మంగుళూరు బోట్ల మీదికి పోతాడంట, ఈ సాయంత్రం బస్సుకే. వాడు పోతే నా బిడ్డ దుర్గ కూడా పోతుంది. వాడు దొంగైతే పోనీ. కాకపోతే?" సీసాను తీసుకుని మళ్ళీ టవల్లో చుట్టాడు. "బస్సొచ్చే లోపల తేల్చమ్మా."

కారు మనుబోలు దాటేసరికి ఓబయ్య కాస్త తేరుకుని మాటల్లో పడ్డాడు. ఐర్లండులో తాగే నల్ల బీరు మీద నురుగు మీగడలా నిలుస్తుందని, పోలయ్య మీసానికి అది అంటుకుంటే ఓడ చేరేదాకా తుడుచుకునేవాడు కాదని చెప్పాడు. మెక్సికోలో సీసా మూతిలో నిమ్మబద్ద కుక్కి ఇస్తే, "మనకు వడ దెబ్బకిచ్చే మందు గదరా ఇది" అన్నాడట పోలయ్య.

"జపాను వాళ్ళది ఇంకో పద్ధతి. కోబేలో చూసినాం. ఎవురి గ్లాసులో వాళ్ళు పోసుకోకూడదు, పక్కనోడు పొయ్యాల. నువ్వు వాడికి పోస్తే వాడు నీకు పోస్తాడు. అది మాకు బాగా నచ్చింది. అప్పట్నించి నేనెప్పుడూ నా గ్లాసులో నేను పోసుకోలా. పోలయ్య రాకుండా పోయినాక తాగడమే మానేసినా. పోసేవాడేడీ?"



"ఆపరేషన్ బాగా జరిగిందా?" అని రేవతి మాట మార్చింది.

"బాగానే జరిగింది గానీ సిగ్గు పోయిందమ్మా! మొలతాడుతో సహా అన్నీ తీయించి పచ్చగౌను తొడిగినారు. పెద్దల అమావాస్య రోజు గదా, ఆస్పత్రిలో జనమే లేరు. మా ఇంటామె పోలేరమ్మ నా బట్టల సంచి తీసుకుని మధ్యాహ్నానికే ఇంటికి పోయింది, పెద్దలకు పెట్టుకోవాలని. దుర్గ నాకు తోడుంది."

కోట సెంటర్లో రేవతి కారు ఆపించింది. సోడా బండి దగ్గర ముగ్గురూ సుగంధి వేళ్ళ షర్బతు కలిపిన నన్నారి సోడా తాగారు. బండివాడు ఒక్కో సీసా నింపి, రేకు మూత పెట్టి, చేతి మిషను కిందికి నొక్కుతున్నాడు. సుశీల్ తన సీసాను ఎండకేసి పట్టి చూసి, "ఎంత మంచి రంగు మేడమ్!" అన్నాడు. రేవతి కూడా అటే చూసింది.

ఓబయ్య ఇల్లు ఒడ్డుకు దగ్గరే. అలమారాలో సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆకుపచ్చవీ, గోధుమరంగువీ, పొట్టివీ, పొడుగువీ. మొంబాసా, రాటర్‌డామ్, కోబే. అన్నీ ఖాళీవే. వాటిలోంచి వెలుతురు పడి గోడ మీద రంగులు కదులుతున్నాయి.

"శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు ఈ అద్దాలు గడగడలాడతాయి. ఆ అదురుకు మూత వదులై కారిపోయిందేమో అని కూడా అనుకున్నా," అన్నాడు ఓబయ్య.

రేవతి ఆ మాట వినడం లేదు. నిండు సీసా ఉండే చోట చెక్క మీద గుండ్రని మరక ఉంది. దాని చుట్టూ చీమలు. పక్కనున్న ఏ ఖాళీ సీసా దగ్గరా ఒక్క చీమ లేదు. ఆమె మరకను వేలితో తాకింది. జిగురు.

సుశీల్‌ను వసారాలోకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. అతను అక్కడున్న మోటారుసైకిలు అడిగి తీసుకుని కోటకు పోయాడు.

పెంచల్ వసారా మెట్ల మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"బీరు నువ్వు తాగావా?" సూటిగా అడిగింది రేవతి.

"మావ తాగినావన్నాడు గదా మేడమ్. ఆయన మాటే ఖాయం చేసుకోండి."

"నేను నిన్ను అడుగుతున్నాను."

"నేను ఏ రోజైనా ఈ ఇంట్లో అబద్ధం చెప్పినానా అని ఆయన్నే అడగండి." అతని చూపు మాత్రం ఒక్క క్షణం వంటింటి వైపు పోయి వచ్చింది.

వంటింట్లో ఓబయ్య భార్య పోలేరమ్మ పొయ్యి ముందు ఉంది. పొయ్యి మీద గిన్నె లేదు, అయినా ఊదుతోంది.

"అల్లుడు పోతున్నాడు గదమ్మా, మీకు బాధగా లేదా?"

"నా గుండె తరుక్కుపోతుండాది." పోలేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "వాడు బంగారం తల్లీ. వాడు తాగలేదు. నన్ను ఇంకేం అడగొద్దు."

మోటారుసైకిలు చప్పుడైంది. సుశీల్ ఆయాసపడుతూ వచ్చాడు. "మేడమ్, దొరికాడు! పెద్దల అమావాస్య రోజు సాయంత్రం పెంచలే సోడా బండి దగ్గరికి వచ్చాడట. రెండు సీసాలకు మూతలు వేయించుకున్నాడట. ఒకటి గంట బొమ్మది!"

"రెండా?" రేవతి కళ్ళు మెరిశాయి. "చిన్నపోలయ్య గారి భార్య ఇల్లెక్కడ?"

"పక్క వీధే. కావేరమ్మ అంటారు," అంది పోలేరమ్మ.

"ఆమెను పిలుచుకు రా సుశీల్. ఆ రెండో సీసా కూడా తెమ్మని చెప్పు."

అందరూ వసారాలో చేరారు. ఎదురుగా సముద్రం. బస్సుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. పెంచల్ సంచి భుజాన వేసుకునే నిలబడ్డాడు, దుర్గ అతని పక్కన. కావేరమ్మ కొంగు చాటున ఏదో పట్టుకుని గడప దగ్గర ఆగిపోయింది. ఓబయ్య ఎవరి ముఖమూ చూడటం లేదు.

రేవతి గంట బొమ్మ సీసాను తిన్నె మీద పెట్టింది.

"ఈ సీసా ఏళ్ళ తరబడి కిటికీకి ఎదురుగా ఉంది. ఎండకు లేబులు ఒక పక్క వెలిసింది. మూత కూడా ఆ పక్కే వెలిసిపోవాలి. కానీ చూడండి, మూతలో వెలిసిన సగం వెనక్కి ఉంది. సీసాను తిప్పితే లేబులూ మూతా కలిసే తిరుగుతాయి. మూత ఒక్కటే తిరిగిందంటే, దాన్ని తీసి మళ్ళీ పెట్టారు. వంకర పోకుండా, ఎంతో జాగ్రత్తగా తీశారు."

"లోపల ఏముంది మరి?" అంది దుర్గ.

"చీమలకు ఇష్టమైంది. నన్నారి సోడా. రెండోసారి నొక్కిన మూత కదా, కొంచెం కారింది. నన్నారీ, రేకు మూత నొక్కే మిషనూ ఒక్కచోటే ఉండేది సోడా బండి దగ్గర. మూత వేయించింది పెంచల్."

"చెప్పలా నేను!" ఓబయ్య లేచాడు.

"కూర్చోండి. తాగాలని దొంగిలించినవాడు తాగి సీసా సముద్రంలో పారేస్తాడు. మూత మీద గంట చెదరకుండా మళ్ళీ నొక్కించడు. మీ మనసు నొచ్చుకోకూడదని కోరుకునే మనిషి చేసిన పని ఇది. ఇంక తాళంచెవి సంగతి. అది మీ ఒంటి మీది నుంచి దిగింది ఒక్క రోజే. ఆస్పత్రిలో మొలతాడు తీయించినప్పుడు. ఆ సంచి పోలేరమ్మ గారు ఇంటికి తెచ్చారు. మసక కళ్ళతో ఇన్నాళ్ళూ చూసిన మనిషి తేడా కనిపెట్టడనుకున్నారు. కానీ కొత్త కన్ను కనిపెట్టేసింది."

పోలేరమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

"ఆ రోజు పెద్దల అమావాస్య," రేవతి గొంతు తగ్గింది. "పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెట్టే రోజు. చుట్ట తాగేవాళ్ళకు చుట్ట, కల్లు తాగేవాళ్ళకు కల్లు. ఈ బీరు ఎవరికి ఇష్టమో మీరే చెప్పారు ఓబయ్య గారూ."

కావేరమ్మ ముందుకొచ్చింది.

"అన్నా, నేనే అడిగినా వదిన్ని. ఆయన కల్లోకి వచ్చినాడు. 'ఓబడి దగ్గర దాచిన బీరు ఏమైంది' అన్నాడు. ఎన్నేళ్ళని ఆకలితో తిప్పుతాం మనిషిని? నువ్వు ఆయన పేరెత్తితే వస్తాడు వస్తాడు అంటావు. ఒడ్డుకొచ్చే పడవలన్నీ లెక్కబెడతావు. నీ మొహం చూసి నేను ఒక్క ముద్ద కూడా పెట్టలేకపోయినా అన్నా."

"నాతో ఒక్క మాట చెప్పుంటే ఇచ్చుండేవాణ్ణి గదా," అన్నాడు ఓబయ్య. తర్వాత తనే తల అడ్డంగా తిప్పాడు. "లేదు. ఇచ్చుండను."

"చెప్తే వాడు నీకు ఇంకోసారి చచ్చిపోతాడని చెప్పలేదయ్యా," అంది పోలేరమ్మ. "అల్లుణ్ణి దొంగా అన్నప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచినా. 'గమ్మునుండత్తా, మావ తట్టుకోలేడు' అని వీడే నన్ను ఆపినాడు."

ఓబయ్య పెంచల్ వైపు తిరిగాడు. పెంచల్ సంచి పట్టీని సరిచేసుకుంటూ నేల చూస్తున్నాడు.

"రెండు సీసాలని విన్నప్పుడు నాకు మిగతాది తెలిసింది," అంది రేవతి. "ఒకదాంట్లో నన్నారి. రెండోదాంట్లో ఏముందో కావేరమ్మ గారు చూపిస్తారు."

కావేరమ్మ కొంగు తీసింది. మామూలు సోడా సీసా. లోపల సగం దాకా ముదురు గోధుమరంగు. అడుగున చిటికెడు గసి.

"చెరిసగం అనుకున్నారంట గదా అన్నా మీరిద్దరూ. ఆయన సగం మీగడ చేప పులుసుతో పెట్టి, నీళ్ళలో వదిలినాం. ఇది నీ సగం. తాకలేదు."

ఓబయ్య ఆ సీసాను తీసుకుని ఎండ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. కొత్త కంట్లోంచీ పాత కంట్లోంచీ ఒకేలా నీళ్ళు కారాయి. సుశీల్ ముక్కు చీదుకుంటూ సముద్రం వైపు తిరిగాడు.

రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. పెంచల్ మెట్టు దిగాడు.

"పోలేరా," ఓబయ్య పిలిచాడు. "రెండు గ్లాసులు తే."

స్టీలు గ్లాసులు వచ్చాయి. ఓబయ్య పళ్ళతో మూత లాగాడు. బుస్సుమని చిన్న చప్పుడు. పెంచల్ కోసం ఒక గ్లాసులో కొంచెం పోసి చేత్తో పట్టుకుని, సీసాను మెట్ల వైపు చాచాడు.

"నా గ్లాసులో నేను పోసుకోనురా పెంచలూ. పక్కనోడు పొయ్యాల."

పెంచల్ కదల్లేదు.

"పోలయ్య పోయినాడు," అన్నాడు ఓబయ్య. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అతని నోట వినలేదు. "ఇంక నాకు పోసేవాడు నువ్వే."

బస్సు కాసేపు నిలబడి, ఎవరూ ఎక్కకపోయేసరికి కోట వైపు పోయింది. పెంచల్ సంచి దించి, వచ్చి సీసా అందుకుని ఖాళీ గ్లాసులోకి పోశాడు. ఓబయ్య చేతిలో ఉన్న గ్లాసు అతనికి ఇచ్చి, తన గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగి, కళ్ళు మూసుకున్నాడు.

"ఎట్టుంది మావా?"

"కాస్త పులిసింది." పెదాలు తుడుచుకోబోయి, మానేశాడు. నురుగు మీసం మీదే ఉంది. "అయినా, అదేరా. ఆంట్‌వెర్ప్‌లో తాగిందే."