బొగ్గు తిన్న వాసన

“ఆమెను జీపెక్కించకండి. రెండు గంటలు టైమివ్వండి చాలు.”

ఆ మాట విని ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో జీపు సిద్ధంగా ఉంది. మహిళా కానిస్టేబుల్ ఆ ఇంటి కోడలి మోచెయ్యి పట్టుకుని ఉంది. కోడలి కళ్లలో నీళ్లు లేవు, బెదురు మాత్రమే ఉంది. వీధి సగం అక్కడే పోగయింది.

ఆటో దిగి వచ్చిన మనిషి సన్నగా, పొడుగ్గా ఉంది. ముక్కు మీద దళసరి కళ్లజోడు. ఊళ్లో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. ఆమె వెనకే నోటుపుస్తకం, గొడుగు, మంచినీళ్ల సీసా మోసుకుంటూ అసిస్టెంటు దిగాడు. ముప్పై ఏళ్లు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. డిటెక్టివ్ కంటే ఆరేళ్లు పెద్ద. అయినా ఆమె మాట్లాడుతుంటే బళ్లో పిల్లాడిలా నోరు తెరుచుకుని వింటాడు.

“మేడమ్, ఇందులో మీరు తేల్చేదేం లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఈవిడ మామగారు పుస్తకాలు బైండింగు చేస్తారు. నిన్న మధ్యాహ్నం మూడింటికి తన పనిగదిలో స్పృహ తప్పి పడి ఉన్నారు. ఇంకా కళ్లు తెరవలేదు. కార్బన్ మోనాక్సైడ్ అని డాక్టర్లు తేల్చారు. తలుపు మూసిన గదిలో రాజుకున్న బొగ్గులు. ఆ బొగ్గులు పెట్టింది ఈవిడే. తనే ఒప్పుకుంటోంది.”

“బొగ్గులు పెట్టానన్నాను. నిప్పు పెట్టాననలేదు!” అంది కోడలు.

“మహాతల్లీ, ఇంకా బుకాయిస్తున్నావా!” వరండాలోంచి ఆమె మామగారి చెల్లెలు అరిచింది. చెల్లెలంటే అరవై దాటిన మనిషి, ఇంట్లో అందరికీ అత్తయ్య. “నా అన్నని పొట్టన పెట్టుకోబోయింది. మొగుడు లారీ తోలుకుంటూ ఊళ్లు తిరుగుతుంటే ఇంటి మీద పెత్తనం దీనిదే. వెనిగరట, వంటసోడా అట, బొగ్గట! ఇంటిని మందుల కొట్టు చేసింది.”

డిటెక్టివ్ గడియారం చూసుకుంది. పది. “పన్నెండింటికల్లా తేల్చకపోతే నేనే ఆమెను జీపెక్కిస్తాను,” అంది.

ఇన్‌స్పెక్టర్ తలూపాడు.

పనిగది ఇంటి వెనకవైపు ఉంది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కిటికీ లేదు. పైన చిన్న వెంటిలేటర్. దాన్ని ఎవరో లోపలినుంచి అట్టముక్కతో బిగించారు. ఒక మూల పుస్తకాలను నొక్కే ఇనప ప్రెస్సు, పక్కన తోలు చుట్టలు, చిన్న గిన్నెలో ఎండిపోయిన జిగురు. గోడవారగా నాపరాతి చప్టా మీద చాప. భోజనం కాగానే ముసలాయన గంటసేపు దానిమీదే కునుకు తీస్తాడు. చాప పక్కన మట్టి మూకుడు. దాన్నిండా తెల్లటి బూడిద, అడుగున సగం కాలిన బొగ్గులు.

టైపిస్టు జిగురు గిన్నె దగ్గర ముక్కు పెట్టాడు. “పంటి డాక్టరు దగ్గరికెళ్లినట్టుంది మేడమ్!”

“లవంగ నూనె,” అంది కోడలు. “జిగురుకి పురుగు పట్టకుండా మామయ్యగారు కలుపుతారు. ఎవరికీ చెప్పని కొలత. జిగురు, తోలు, నూనె అన్నీ కలిసి ఈ గదిలో గాలి ఆడేది కాదు. ఆయనకు ఆయాసం. బజారులో దొరికే స్ప్రే కొడితే దగ్గు ఆగేది కాదు. అందుకే ఇవన్నీ నేర్చుకున్నాను.”

“ఏమేం నేర్చుకున్నావు?”

కోడలు ఒక్క క్షణం తడబడింది. తర్వాత పని గురించి మాట్లాడే మనిషి గొంతు వచ్చింది. “ముందు గాలి రావాలి మేడమ్. వెంటిలేటర్ తీయకుండా ఏం పెట్టినా దండగే. వంటింట్లో వేపుడు వాసనకి గిన్నెలో వెనిగర్ పెడతాను. చెప్పుల అలమరలో వంటసోడా. స్నానాల గదికి నిమ్మ తొక్కలు మరిగించిన నీళ్లు. మూసి ఉండే చిన్న గదులకి మాత్రం కొబ్బరి చిప్పల బొగ్గు. ఊరికే మూకుట్లో పోసి మూల పెట్టడమే, వెలిగించేది కాదు. చుట్టూ ఉన్న వాసనంతా అది తినేస్తుంది.”

“తిని?”

“నెలకోసారి కక్కిస్తాను. ఒకటో తారీకున అన్ని మూకుళ్లూ డాబా మీద ఎండలో పెడతాను. ముసురు పట్టిందనుకోండి, ఆరుబయట పెనం మీద కాస్త వెచ్చచేస్తాను. తిన్నదంతా బయటికొచ్చేస్తుంది. మళ్లీ కొత్తదే.”

“ఈరోజు?”

“ఇరవై ఆరు.”

డిటెక్టివ్ మూకుణ్ణి రుమాలుతో పట్టుకుని తిరగేసింది. అడుగంతా మసి. “దీన్ని స్టవ్ మీద పెట్టి రాజేశారు,” అంది నెమ్మదిగా. “నువ్వు మూకుణ్ణి ఎప్పుడైనా మంట మీద పెట్టావా?”

“మట్టిది, పగిలిపోతుంది. అందుకే పెనం వాడతాను.”

“ఇలాంటివి ఇంట్లో ఎన్ని?”

“నాలుగు. ఒకేసారి కొన్నాను, ఒక్కలాగే ఉంటాయి. ఇక్కడొకటి, అత్తయ్యగారి గదిలో, మా మరిది గదిలో, మేడ మీద అద్దెకుండే లైబ్రరీ గుమాస్తాగారి గదిలో ఒక్కోటి.”

ప్రెస్సులో ఒక పెద్ద పాత పుస్తకం ఉంది. లైబ్రరీ ముద్ర వేసిన మ్యాపుల పుస్తకం. కుట్టు విప్పి ఉంది. డిటెక్టివ్ ప్రెస్సు వదులుచేసి కాగితాల మడతలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నాలుగో మడత దగ్గర వేలు ఆగింది. అక్కడ మూడు ఆకులు బ్లేడుతో కోసినట్టు నున్నగా తెగి ఉన్నాయి. పక్కనే పెన్సిలుతో రాసిన చీటీ: ‘మూడు మ్యాపులు లేవు. ఆఫీసరుకి చెప్పాలి.’

“మీ మామగారి రాతేనా?”

“అవును. నిన్న పొద్దున కాఫీ తాగుతూ అన్నారు, రేపు లైబ్రరీ ఆఫీసరు వస్తే ఒక మాట చెప్పాలని. ఏమిటని అడిగితే చెప్పలేదు.”

“అప్పుడు ఎవరెవరున్నారు?”

“అందరం ఉన్నాం. గుమాస్తాగారికి కాఫీ, భోజనం మా ఇంట్లోనే.”

“ఈ పుస్తకాలు ఇక్కడికెలా వస్తాయి?”

“గుమాస్తాగారు కట్ట కట్టి ఇస్తారు. మా మరిది సైకిల్ మీద తెస్తాడు.”

మరిది పాతికేళ్లవాడు. తన గదిలో మంచం మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

“మీ నాన్నతో గొడవపడ్డావట?” అంది డిటెక్టివ్.

“ఇంట్లో ఎవరు పడరు? ఆ గది నాకిమ్మన్నాను, సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకుంటానని. నా ప్రాణం పోయాక తీసుకో అన్నాడు.” అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. “అయ్యో, ఆ మాట రాసుకోకండి సార్!”

టైపిస్టు అప్పటికే రాసేశాడు.

“నిన్న రెండింటికి ఎక్కడున్నావు?”

“ఇక్కడే, పడుకున్నాను. వదిన కేక విని లేచాను.” గోళ్లు కొరకడం ఆపాడు. “మేడమ్, వదిన అలాంటిది కాదు. నాన్నకి ఆయాసం వస్తే తెల్లార్లూ కూర్చునేది తనే.”

అత్తయ్య గది నిండా నొప్పుల బామ్ ఘాటు. టైపిస్టు కళ్లొత్తుకున్నాడు.

“నిన్న తలుపు తీసినప్పుడు మీరూ అక్కడే ఉన్నారా?”

“దాని వెనకాలే పరిగెత్తాను. తలుపు తీయగానే గుప్పుమని మల్లెపూల సెంటు వాసన! పొగ కనిపెట్టకూడదని ఏదో చల్లింది, టక్కులాడి.”

“మల్లెపూల వాసనేనా? జిగురు వాసన కాదా?”

“నా ముక్కుకేం తెగులు? అన్నయ్య జిగురు వాసన నలభై ఏళ్లుగా ఎరుగుదును. నిద్రలో అడిగినా చెప్తాను.”

డిటెక్టివ్ ఆమె వంక చాలాసేపు చూసింది. “మంచిది. ఆ ముక్కుతో నాకు పనుంది,” అంది.

మేడ మీది గదికి పెరట్లోంచి వేరే మెట్లున్నాయి. గుమాస్తా తలుపు తీశాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. గదిలో ఒక మంచం, ఒక స్టవ్, కొక్కేలకు వరసగా చొక్కాలు. అడుగు పెట్టీ పెట్టగానే టైపిస్టు వరసగా మూడుసార్లు తుమ్మాడు.

“క్షమించండి. నాకు ఏ సెంటూ పడదు,” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

“పాత పుస్తకాల మధ్య పనండీ,” అన్నాడు గుమాస్తా నవ్వుతూ. “ఇంటికొస్తే కాస్త శుభ్రంగా ఉండాలనిపిస్తుంది. పెద్దాయన ఎలా ఉన్నారు? స్పృహ వచ్చిందా?”

“ఇంకా లేదు. మీరు నిన్న మధ్యాహ్నం?”

“భోజనం చేసి రెండున్నరకి లైబ్రరీకి వెళ్లిపోయాను. ఈరోజు సెలవు పెట్టాను, ఇల్లిలా ఉంటే ఎలా వెళ్తాను?”

మూలన మూకుడు నిండుగా నల్లటి బొగ్గులు. మరిది గదిలోనూ అంతే, అత్తయ్య గదిలోనూ అంతే.

మెట్లు దిగుతూ టైపిస్టు నిట్టూర్చాడు. “మేడమ్, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. నాలుగు గదులు, నాలుగు మూకుళ్లు. లెక్క సరిపోయింది.”

“సరిపోయేలా చేశారు,” అంది డిటెక్టివ్. “ఇన్‌స్పెక్టర్‌ని పిలవండి. అందర్నీ డాబా మీదికి రమ్మనండి. వంటింట్లోంచి పెనం తెప్పించండి.”

పన్నెండుకి పావుగంట ఉంది. డాబా మీద ఎండ మండిపోతోంది. గోడవార నీడలో అందరూ నిలబడ్డారు. కానిస్టేబుల్ ఇంకా కోడలి చెయ్యి వదల్లేదు. మధ్యలో స్టవ్, దానిమీద పెనం, పక్కన మూడు మూకుళ్లు. ఇన్‌స్పెక్టరే స్వయంగా మూడు గదుల్లోంచి తెచ్చి, ఏది ఏ గదిదో చీటీ రాసి అడుగున అంటించాడు. తర్వాత డిటెక్టివ్ వాటిని అటూ ఇటూ మార్చేసింది.

“ఇదేం గారడీ?” అంది అత్తయ్య.

“గారడీ నిన్న జరిగింది. ఇప్పుడు దాన్ని విప్పుతున్నాను.” డిటెక్టివ్ గొంతు పెంచలేదు. “పెద్దాయన గదిలో అగ్గిపుల్ల లేదు, గోడకి పొగ మరక లేదు. అంటే బొగ్గులు వేరేచోట రాజుకుని వచ్చాయి. మూకుడు అడుగున మసి ఉంది. అంటే మూకుడితో సహా వచ్చాయి. పెద్దాయన నిద్రపోయాక ఒకరు నిప్పుల మూకుడు లోపల పెట్టి, వెంటిలేటర్ మూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.”

“అదే కదా, కోడలు...” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఆగండి. ఆ గదిలో అప్పటికే ఒక మూకుడుంది. రెండోది కనిపిస్తే అది ఇంకో గదినుంచి వచ్చిందని తెలిసిపోతుంది. అందుకని తన గదిలో మూకుడు రాజేసి తెచ్చి, అక్కడున్న మూకుణ్ణి తన గదికి పట్టుకుపోయారు. లెక్క నాలుగే. నేరం కోడలి మీద పడుతుంది. బొగ్గులన్నీ నల్లగా ఒక్కలాగే ఉంటాయని ధైర్యం. కానీ ఇరవై ఐదు రోజులుగా ఏ గదిలో ఉంటే ఆ గది వాసన తింటున్నాయవి. ఆ సంగతి రోజూ ఈ పని చేసే కోడలికి తెలుసు. తెలిసిన మనిషి మూకుళ్లు మార్చదు.”

కోడలు మొదటిసారి తలెత్తింది.

డిటెక్టివ్ మొదటి మూకుట్లో బొగ్గులు పెనం మీద పోసింది. సన్నటి సెగ. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. గాల్లోకి నొప్పుల బామ్ ఘాటు లేచింది.

“నాదే,” అంది అత్తయ్య విసుగ్గా. “దానికి ఇంత తతంగం ఎందుకు?”

పెనం ఖాళీ చేసి రెండో మూకుడు పోసింది. ఈసారి త్వరగానే తెలిసింది. పాచిపోయిన సిగరెట్ కంపు.

“ఓరి వెధవా! మానేశానని ఒట్టేశావు కదరా!” అత్తయ్య మేనల్లుడి మీదికి లేచింది. మరిది తల దించుకున్నాడు. టైపిస్టు పెదవి బిగపట్టి నవ్వాపుకున్నాడు.

“నాకు లైబ్రరీలో చిన్న పనుంది,” అన్నాడు గుమాస్తా. “మళ్లీ వస్తాను.”

“సెలవు పెట్టానన్నారుగా?” అంది డిటెక్టివ్ అటు చూడకుండానే. టైపిస్టు గొడుగు అడ్డంపెట్టి మెట్ల మొదట్లో నిలబడ్డాడు.

మూడో మూకుడు పెనం మీద పడింది. స్టవ్ చప్పుడు ఒక్కటే. సెగ బొగ్గుల్లోకి ఎక్కింది. అత్తయ్య ముక్కుపుటాలు కదిలాయి. ఒక అడుగు ముందుకేసింది. ఇంకో అడుగు. పెనం మీదికి వంగి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

“లవంగ నూనె,” అంది. “తోలు. జిగురు. ఇది మా అన్నయ్య గది.”

“అన్నయ్య గది బొగ్గులు ఇంకొకరి గదిలో దొరికాయి,” అంది డిటెక్టివ్. “నిన్న మీరు తలుపు తీసినప్పుడు మల్లెపూల సెంటు ఎవరూ చల్లలేదు. ఆ నిప్పులు కాలుతూ తమ సొంత గది వాసన కక్కాయి. ఆ గదిలో మనిషికి మూడు మ్యాపులు కోసిన సంగతి బయటపడకూడదు. ఈరోజు ఆఫీసరు వచ్చేలోపు పెద్దాయన నోరు మూయించాలి. పేరు నేను చెప్పను. నిన్నటినుంచి ఒక పేరు అరుస్తున్నది మీరు. సరైన పేరు కూడా మీరే చెప్పండి. మూకుడు తిరగేయండి.”

అత్తయ్య ఖాళీ మూకుణ్ణి రెండు చేతులతో తీసుకుంది. తిరగేసింది. చీటీ చదివింది. ముందు కోడలి వైపు చూసింది. చూడలేక తల తిప్పుకుంది.

“దాని చెయ్యి వదులమ్మా,” అంది కానిస్టేబుల్‌తో.

తర్వాత మెట్ల వైపు తిరిగి, కింద వీధిలో వాళ్లకి కూడా వినపడేలా వేలెత్తి అరిచింది.

“మా అన్నయ్య గదిలో నిప్పులు పెట్టింది వీడు! మా చేతి అన్నం తిన్న ఈ లైబ్రరీ గుమాస్తా!”